జర్మనీలో ఒక్క సెమిస్టర్: చదువు పక్కన అభిరుచికి చోటు చూసుకోవడం ఎలా

హైదరాబాదు కళాశాలల నుంచి ఎక్స్‌ఛేంజ్ మీద ఒక్క సెమిస్టర్ కోసం జర్మనీ వెళ్ళే విద్యార్థులు వీసా, బ్యాంకు, గది పనులలో మునిగిపోయి, అక్కడి సాయంత్రాలు ఎలా గడుస్తాయన్నది విమానం ఎక్కాక గాని ఆలోచించరు. శీతాకాల సెమిస్టర్ కాగితం మీద అక్టోబర్ 1 నుంచి మార్చి 31 వరకు ఉన్నా, తరగతులు సాధారణంగా అక్టోబర్ మధ్యలో మొదలై ఫిబ్రవరిలో ముగుస్తాయి, నడుమ క్రిస్మస్ సెలవులు పోతాయి. తరగతి కాగానే ఎవరి దారిన వారు వెళ్ళిపోయే ఆ దేశంలో, వారం వారం ఒకే చోట కలిసి ఏదో ఒకటి చేసేవారికే పరిచయాలు కుదురుతాయి కనుక, అభిరుచిని తీరిక దొరికినప్పటి సంగతిగా వదిలేయకుండా బయలుదేరకముందే ఏర్పాటు చేసుకోవాలి.

మొదట చూడవలసినది విశ్వవిద్యాలయ క్రీడా విభాగం, అంటే అక్కడివారు హోఖ్‌షూల్‌స్పోర్ట్ అని పిలిచేది. బ్యాడ్మింటన్, ఈత, గోడ ఎక్కడం, నృత్యం వంటి తరగతులు అక్కడ విద్యార్థులకు చాలా తక్కువ రుసుముతో దొరుకుతాయి. అయితే నమోదు ఒక నిర్ణీత తేదీన, నిర్ణీత గంటకు ఆన్‌లైన్లో తెరుచుకుంటుంది, గిరాకీ ఉన్నవి నిమిషాలలో నిండిపోతాయి. ఆ తేదీని ఇంట్లో ఉండగానే వెతికి పెట్టుకోండి. ఇక్కడి నుంచే నమోదు చేసుకునేవారు, అక్టోబర్ చివరి ఆదివారం వరకు మన గడియారం జర్మనీ గడియారం కంటే మూడున్నర గంటలు, ఆ తరువాత నాలుగున్నర గంటలు ముందుంటుందని గుర్తుంచుకోవాలి. బ్యాడ్మింటన్ ఆడేవారు రాకెట్‌కు ఇక్కడే గట్టింగ్, అంటే తీగల బిగింపు, చేయించుకుని, నేలపై మరక పడని అడుగున్న బూట్లు వెంట తీసుకెళ్ళడం మేలు, ఎందుకంటే వీధిలో తొడిగిన బూట్లతో అక్కడి హాలులోకి రానివ్వరు. వీణో వయొలినో పట్టుకెళ్ళేవారు రాత్రి పది దాటాక, ఆదివారమంతా నిశ్శబ్దం పాటించవలసిన నియమం ఉందని తెలుసుకుని, హాస్టల్లో సాధనకు ప్రత్యేకమైన గది ఉందేమో ముందే అడగాలి.

సైకిల్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. హైదరాబాదు అవుటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సౌర పైకప్పు సైకిల్ దారి మీద వారాంతాల్లో తొక్కితే కాళ్ళకు సత్తువ వస్తుంది గాని, అక్కడ మోటారు వాహనాలు ఉండవు కనుక రోడ్డు మీద తొక్కే అలవాటు రాదు. జర్మనీలో కుడివైపున నడపాలి, ముందూ వెనుకా దీపాలు తప్పనిసరి, మలుపు తిరిగే ముందు చెయ్యి చాపి చూపాలి. మొదటి వారమంతా ఎడమవైపుకే మళ్ళే మన బుద్ధిని అదుపులో పెట్టుకోవడానికి, రద్దీ లేని ఆదివారం ఉదయం అక్కడి ఒకే దారిలో నాలుగు సార్లు తిరిగి రావడం నాకు పనికొచ్చింది. ఆదివారాలు ఎలాగూ దుకాణాలు మూసి ఉంటాయి, కూరగాయలు శనివారమే కొనుక్కోవాలి. పానీయాల ప్లాస్టిక్ సీసాలు, డబ్బాలు ఖాళీ అయ్యాక దుకాణంలో తిరిగి ఇస్తే చాలావరకు ఒక్కొక్కదానికి 25 సెంట్లు వస్తాయి కనుక పారేయకండి.

వంటను అభిరుచిగా పెట్టుకున్నవారు సామాను సర్దుకునేటప్పుడే జాగ్రత్త పడాలి. నెయ్యి వంటి పాల పదార్థాలు, అమ్మ ఎంతో ప్రేమగా కట్టిచ్చే చికెన్ పచ్చడి ఐరోపా సమాఖ్యలోకి తీసుకెళ్ళకూడదు. పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, కనుక పొడి చేయించుకోవడమే సులువు. అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ పొయ్యి మీద పనిచేయదు, అయస్కాంతం అంటుకునే అడుగున్న చిన్న స్టీలు కుక్కర్ కొనండి. మిక్సీకి మాత్రం బెంగ అక్కర్లేదు, అక్కడా 230 వోల్టులే, ప్లగ్గుకు అడాప్టర్ ఉంటే సరిపోతుంది.

అక్కడి గాజు పలక పొయ్యి ఇండక్షన్ రకం కాకపోతే కట్టేసిన తరువాత కూడా చాలాసేపు వేడిగానే ఉంటుంది. రెండో వారంలో పప్పుకు పోపు పెడుతూ, ఆవాలు చిటపటలాడగానే మన గ్యాస్ పొయ్యి కట్టేసినట్టు మీట తిప్పి, గిన్నె అక్కడే వదిలి పప్పు తేవడానికి అటు తిరిగాను. ఈలోగా ఎండుమిరపకాయలు నల్లబడి ఘాటు కమ్మేసింది. పొగ పోవాలని వంటగది తలుపు బార్లా తెరవడం నేను చేసిన రెండో తప్పు. పొగను పసిగట్టే యంత్రం నడవాలోనే ఉంది, అది కూయగానే ఆ అంతస్తు వారంతా చెప్పులతోనే చలిలోకి దిగవలసి వచ్చింది. పోపు పెట్టేటప్పుడు తలుపు మూసి కిటికీ తెరవాలని, ఆవాలు చిటపటలాడిన క్షణమే గిన్నెను పలక మీద నుంచి దింపాలని అప్పటి నుంచి పాటిస్తున్నాను.

ఇక చదువు. ఐరోపా లెక్కలో సెమిస్టరుకు 30 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ అని అంచనా. మన కళాశాల ఎన్ని క్రెడిట్లు అంగీకరిస్తుందో రాతపూర్వకంగా తెలుసుకుని అంతకే కోర్సులు తీసుకుంటే సాయంత్రాలు మిగులుతాయి. అక్కడ చాలా కోర్సులకు మన మిడ్‌ల వంటివి ఉండవు, చివర ఒక్క పరీక్షే. దానికి విడిగా పేరు నమోదు చేసుకోవాలి, గడువు దాటితే కూర్చోనివ్వరు. పట్టికలో పది గంటలకు పక్కన సి.టి. అని ఉంటే తరగతి పదీ పావుకు మొదలవుతుందని అర్థం. బంజారాహిల్స్‌లోని గోథే జెంట్రుమ్‌లో ప్రాథమిక స్థాయి జర్మన్ నేర్చుకుని వెళితే, తరగతిలో కంటే ఆటస్థలంలోనే ఆ మాటలు ఎక్కువగా అక్కరకొస్తాయి.

విశ్వవిద్యాలయం బయట ఫెరైన్ అనే స్థానిక సంఘంలో చేరదలచినవారు సభ్యత్వాన్ని ఎలా రద్దు చేసుకోవాలో చేరే రోజునే అడగాలి. చాలా చోట్ల నెలల ముందు రాతపూర్వకంగా తెలపవలసి ఉంటుంది, తిరిగి వచ్చేశాక కూడా ఖాతాలో నుంచి రుసుము కోత పడుతూనే ఉండవచ్చు. సైకిల్ అమ్మకం ప్రకటన మాత్రం జనవరిలోనే పెట్టండి, ఫిబ్రవరి చివర వెళ్ళిపోయేవారందరూ ఒకేసారి అమ్మకానికి పెడతారు.