చదరంగం మనంతట మనమే – 7వ పాఠం: పావు వదిలిన గడి

చెక్‌కు అడ్డం పెట్టేటప్పుడు అందరూ చూసేది పావు వెళ్ళే గడినే. అది వదిలి వచ్చే గడిని చూడటం ఈ పాఠం. దీనికి ఉదాహరణ కోసం దూరం వెళ్ళక్కర్లేదు. 2013 నవంబరు 21న మన చెన్నైలోనే, హయత్ రీజెన్సీ హోటల్లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ 9వ ఆట ఉంది. తెల్లవి విశ్వనాథన్ ఆనంద్‌వి, నల్లవి మాగ్నస్ కార్ల్‌సన్‌వి. అప్పటికి 3–5తో వెనకబడ్డ ఆనంద్ ఇక డ్రాలతో నెట్టుకురాలేడు.

బోర్డు పరిచి ఇలా పేర్చండి (గడి పేరులో అక్షరం నిలువు వరస, అంకె అడ్డు వరస).

తెలుపు: రాజు జి1, మంత్రి హెచ్6, ఏనుగు ఎఫ్4, శకటు జి2, గుర్రం జి3, బంట్లు సి3, డి4, ఇ5, ఎఫ్6, జి5, హెచ్2.

నలుపు: రాజు జి8, మంత్రి డి8, ఏనుగు ఎఫ్8, శకటు సి8, గుర్రం ఇ8; బంట్లు సి4, డి5, ఎఫ్7, జి6, హెచ్7. వీటికి తోడు, 27వ ఎత్తులో బంటు చివరి గడికి చేరి మంత్రి అయింది. అది బి1లో ఉంది, తెల్లరాజుకు చెక్.

రెండో నల్లమంత్రి పెట్టెలో లేకపోతే ఏనుగును తలకిందులుగా పెట్టుకోండి. ఇంట్లో మాత్రమే సుమా! పోటీలో అలా పెడితే దాన్ని ఏనుగుగానే లెక్కిస్తారు.

ముందు తెలుపు బెదిరింపు ఏమిటో చూడండి. జి7లో మేట్ కుదరదు, ఇ8 గుర్రం ఆ గడిని కాస్తోంది. మిగిలింది హెచ్7. ఏనుగు హెచ్4కు వస్తే దాని అండతో మంత్రి హెచ్7 కొట్టి మేట్ చేస్తుంది. నల్లరాజు జి7కు పారిపోలేడు, ఎఫ్6 బంటు ఆపుతుంది. కాబట్టి ఈ ఆటంతా హెచ్4 చుట్టూనే తిరుగుతోంది.

ఎఫ్1లో అడ్డం పెట్టడానికి గుర్రం, శకటు, ఏనుగు మూడూ పనికొస్తాయి. ఏనుగును వెనక్కి లాగితే దాడి అక్కడే చల్లబడుతుంది. ఆనంద్ గుర్రాన్ని పెట్టాడు (28. గుర్రం ఎఫ్1). కార్ల్‌సన్ జవాబు, బి1లోని కొత్త మంత్రి ఇ1కి. ఆనంద్ అక్కడే ఆట వదులుకున్నాడు.

ఇ1 మీద వేలు పెట్టి ఐమూలగా జరపండి: ఎఫ్2, జి3, హెచ్4. జి3లో గుర్రం ఉన్నంతసేపూ ఆ దారి మూసి ఉంది. గుర్రం కదలగానే తెరుచుకుంది. ఇప్పుడు ఏనుగు హెచ్4కు వస్తే నల్లమంత్రి కొట్టేస్తుంది, తెల్లమంత్రి తిరిగి కొట్టినా నలుపుకు ఒక ఏనుగు ఎక్కువ మిగులుతుంది. దాడి కూడా ఉండదు.

శకటును పెట్టి ఉంటే? గుర్రం జి3లోనే ఉంటుంది కనుక నలుపు వేరే దారి వెతకాలి (మూడు చుక్కలంటే నలుపు ఎత్తు): 28...మంత్రి డి1 29. ఏనుగు హెచ్4 మంత్రి హెచ్5! మంత్రినే బలి ఇవ్వాలి. 30. గుర్రం కొట్టు హెచ్5, బంటు కొట్టు హెచ్5 31. ఏనుగు కొట్టు హెచ్5, శకటు ఎఫ్5. జి6 బంటు తప్పుకుంది కాబట్టే ఈ శకటు హెచ్7ను కాయగలుగుతోంది. చూశారా, వదిలిన గడి ఈసారి నలుపుకు కలిసొచ్చింది. నలుపుకు ఒక గుర్రం ఎక్కువ, తెలుపుకు రెండు బంట్లు ఎక్కువ. పోరాటం ఇంకా మిగిలే ఉంది.

సాధన ఇలా చేయండి. అడ్డం పెట్టే ప్రతి పావుకూ అది వదిలే గడి మీద వేలు ఉంచి, ఆ గడి గుండా పోయే నాలుగు గీతలనూ (నిలువు, అడ్డం, రెండు ఐమూలలు) రెండు చివర్లదాకా చూడండి. ఏదో ఒక చివర మీ పథకానికి కీలకమైన గడి ఉంటే ఆగండి. ఎదుటివాడి మంత్రి, ఏనుగు, శకటు ఆ గీత మీదికి ఒక్క ఎత్తులో రాగలవా అని అడగండి. చాలామంది ఇప్పటికే గీత మీద ఉన్న పావుల్నే చూస్తారు. కార్ల్‌సన్ మంత్రి అప్పటికి ఇ1లో లేదు, అదే చిక్కు.

ఇంటిపని: శకటు ఎఫ్5 తర్వాత 32. బంటు జి6 ఆడండి. నలుపు హెచ్7 బంటుతో జి6ను కొడితే ఒక్క ఎత్తులో మేట్ ఎక్కడ? పావులు ముట్టుకోకుండా 5 నిమిషాలు చూడండి. జవాబు 8వ పాఠంలో.