ఇంగ్లండ్‌లో ఇల్లు కొంటున్నారా, అమ్ముతున్నారా? ఎక్స్ఛేంజ్‌కి ముందు చూసుకోవాల్సినవి

మన దగ్గర ఇల్లు నచ్చితే ముందు బయానా ఇస్తాం, అగ్రిమెంట్ రాసుకుంటాం. తర్వాత ఈసీ తీయించి, లింక్ డాక్యుమెంట్లు లాయరుకు చూపించి, చివరికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి వేలిముద్ర వేసి వస్తాం. ఇంగ్లండ్‌లో ఈ వరస తిరగబడుతుంది. మీరు ఆఫర్ పెట్టారు, ఓనరు సరేనన్నాడు, ఏజెంటు వాకిట్లో బోర్డు కూడా మార్చేశాడు. అయినా చట్టం లెక్కలో ఇంకా ఏమీ జరగలేదు. 1989 నాటి చట్టం ప్రకారం ఇల్లు అమ్మే ఒప్పందం రాతలో ఉండి, రెండు పక్షాలూ సంతకాలు చేస్తేనే చెల్లుతుంది. ఆ ఒప్పందాలు చేతులు మారే రోజే ఎక్స్ఛేంజ్. అప్పటిదాకా ఓనరు ఇంకొకరి దగ్గర ఎక్కువ ధరకి ఒప్పుకోవచ్చు, కొనేవాళ్లు చివరి వారంలో ధర తగ్గించమని పట్టుబట్టవచ్చు. సర్వే, సెర్చ్‌ల (ఇంటి గురించి కౌన్సిల్ వగైరా రికార్డుల్లో తనిఖీ) కోసం పెట్టిన డబ్బు పోతే పోయినట్టే. మాటిచ్చి తప్పాడని కేసు వేయడానికి లేదు. (స్కాట్లాండ్ పద్ధతి వేరు. ఎడిన్‌బరోలో ఇల్లు కొన్న బావగారి సలహా ఇక్కడ పనికిరాదు.)

ఎక్స్ఛేంజ్ తర్వాత సంగతి పూర్తిగా వేరు. మీరు ముందే సంతకం పెట్టి ఇచ్చిన కాంట్రాక్టు తారీఖు లేకుండా మీ సొలిసిటర్ (ఇంటి వ్యవహారం చూసే లాయరు) ఫైలులో ఉంటుంది. ఒకరోజు ఇద్దరు సొలిసిటర్లూ ఫోన్‌లో మాట్లాడుకుని తారీఖు వేస్తారు. అంతే, మీరు కట్టుబడిపోయారు. మామూలుగా ధరలో 10 శాతం డిపాజిట్ కడతారు. 4,00,000 పౌండ్ల ఇంటికి అది 40,000. ఆ తర్వాత మనసు మార్చుకుంటే ఆ డబ్బు పోతుంది. మంచి మాటలతో ఒప్పించి 5 శాతమే కట్టినా, మాట తప్పితే మిగతా 5 శాతం కూడా ఇవ్వాల్సిందేనని ప్రామాణిక షరతుల్లో ఉంటుంది. తాళాలు ఇంకా చేతికి రాకపోయినా, ఆ షరతుల ప్రకారం ఇంటికి ఏమైనా అయితే నష్టం కొనేవారిదే. కాబట్టి బిల్డింగ్ ఇన్సూరెన్స్ ఎక్స్ఛేంజ్ రోజు నుంచే ఉండాలి. ప్రశ్నలన్నీ ఈ ఫోన్ కాల్‌కి ముందే అడిగేయాలి, తర్వాత అడిగి లాభం లేదు.

మనవాళ్లకి అన్నిటికంటే పెద్ద దెబ్బ స్టాంప్ డ్యూటీలో తగులుతుంది, అది కూడా హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న ఫ్లాటు వల్ల. ఇక్కడ ఇదే నా మొదటి ఇల్లు కదా అనుకుంటారు. చట్టం చూసేది ప్రపంచం మొత్తంలో. 2025 ఏప్రిల్ 1 నుంచి ఉన్న రేట్లతో 4,00,000 పౌండ్ల ఇంటినే తీసుకుందాం. ఎక్కడా ఎప్పుడూ ఇల్లు లేనివాళ్లు ఫస్ట్ టైమ్ బయ్యర్ కింద 5,000 కడతారు. ఒకప్పుడు ఇల్లుండి అమ్మేసినవాళ్లు 10,000 కడతారు. ఇండియాలో ఇల్లు అలాగే ఉంచుకుని ఇక్కడ కొనేవాళ్లకి 2024 అక్టోబర్ 31 నుంచి మొత్తం ధర మీద 5 శాతం అదనం, అంటే 10,000కి ఇంకో 20,000 కలిపి 30,000. అదే ఇల్లు, అదే వీధి, పాతిక వేల తేడా.

"ఫ్లాటు మా ఆవిడ పేరు మీద ఉంది, ఇక్కడి ఇల్లు నా ఒక్కడి పేరున కొంటాను" అనే ఉపాయం పారదు. కలిసి ఉంటున్న భార్యాభర్తలను ఈ అదనపు పన్ను విషయంలో ఒకటిగానే చూస్తారు. అదనం పడితే ఫస్ట్ టైమ్ రాయితీ కూడా పోతుంది. సాయం చేద్దామని నాన్నగారి పేరు కూడా టైటిల్‌లో చేరిస్తే, ఊళ్లో ఆయనకున్న ఇల్లూ లెక్కలోకి వస్తుంది. ఖాళీ ప్లాటు, పొలం మాత్రం ఇల్లు కావు. వారసత్వంగా వచ్చిన వాటా సంగతి కొంచెం తికమక. గత మూడేళ్లలో వచ్చి, సగానికి మించకపోతే అదనపు పన్నుకి లెక్కించరు, కానీ ఫస్ట్ టైమ్ రాయితీ పోగొట్టడానికి అది చాలు. అన్నదమ్ముల మధ్య ఇంకా పంపకం కాని పెంకుటిల్లు ఉన్నా సరే, దాచకుండా సొలిసిటర్‌కి ముందే చెప్పండి. ఆయన ఫారం నింపేది మీరు చెప్పినదాన్ని బట్టే. రేపు పెనాల్టీ వస్తే మీ పేరు మీదే వస్తుంది. ఫారం పంపి పన్ను కట్టడానికి కంప్లీషన్ (మిగతా డబ్బు కట్టి తాళాలు తీసుకునే రోజు) నుంచి 14 రోజులే గడువు.

ఈ మధ్యే వీసా మీద వచ్చినవాళ్లకి ఇంకో 2 శాతం పొంచి ఉంటుంది. కొనడానికి ముందు ఏడాదిలో 183 రోజులు బ్రిటన్‌లో లేకపోతే నాన్ రెసిడెంట్ కింద కట్టాలి. తర్వాత ఇక్కడే ఉండి ఆ 183 రోజులు పూర్తయితే రీఫండ్ అడగవచ్చు గానీ, కట్టేటప్పుడు మాత్రం డబ్బు చేతిలో ఉండాల్సిందే.

డబ్బు ఎక్కడిదో చూపించడం రెండో టెన్షన్. మనీ లాండరింగ్ నిబంధనల వల్ల సొలిసిటర్ ప్రతి పెద్ద జమకీ లెక్క అడుగుతారు. ఇండియాలో ఉండే అమ్మానాన్నలు పంపేటట్లయితే ఒక్కొక్కరికీ ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్లు పరిమితి. పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద అక్కడి బ్యాంకు 20 శాతం టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, కానీ ఈలోగా డిపాజిట్‌కి ఆ మేరకు తక్కువ పడుతుంది. వాళ్లు స్థలం అమ్మి పంపితే ఆ సేల్ డీడ్ కావాలి, తెలుగులో ఉంటే ఇంగ్లిష్ అనువాదం కూడా అడుగుతారు. ఇది బహుమతే, ఇంటి మీద మాకు హక్కు అక్కర్లేదు అని వాళ్లు ఉత్తరం రాసివ్వాలి. స్నేహితుడి దగ్గర చేబదులు తీసుకున్నదీ, చీటీ పాడగా వచ్చినదీ ఆఖరి నెలలో ఖాతాలో వేసుకుంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది. ఎవరి డబ్బు ఎంతో తేడాగా ఉంటే, ఇల్లు ఉమ్మడి పేరు మీద ఎలా ఉండాలో కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. జాయింట్ టెనెంట్స్ అయితే ఒకరు పోతే ఇల్లు రెండోవారికే, వీలునామా పనిచేయదు. టెనెంట్స్ ఇన్ కామన్ అయితే ఎవరి వాటా వారిది.

ఫ్లాటయితే దాదాపు ఎప్పుడూ లీజ్‌హోల్డే, అంటే నేల వేరొకరిది, మీకు లీజులో రాసిన ఏళ్ల వరకే హక్కు. లీజులో ఇంకా ఎన్నేళ్లున్నాయో మొదటి రోజే అడగండి. 80 ఏళ్ల కంటే తగ్గితే పొడిగించుకోవడానికి ఖర్చు బాగా పెరుగుతుంది, లోన్ ఇచ్చేవాళ్లూ వెనకాడతారు. పొడిగింపు అడగడానికి కొన్నాక రెండేళ్లు ఆగాలన్న పాత నియమం 2025 జనవరి 31న పోయింది, అది ఒక ఊరట. 2022 జూన్ 30 నుంచి రాసిన కొత్త లీజుల్లో గ్రౌండ్ రెంట్ (నేల ఓనరుకి ఏటా కట్టే అద్దె) ఉండకూడదు, పాత లీజుల్లో ఉంటుంది, కొన్నిట్లో పదేళ్లకోసారి రెట్టింపు అవుతుంది. సర్వీస్ ఛార్జి లెక్కలు మూడేళ్లవి తెప్పించుకోండి. పెద్ద రిపేర్లకి నోటీసు వచ్చి ఉంటే ఆ బిల్లు ఎవరు కట్టాలో కాంట్రాక్టులోనే రాయించాలి. ఎత్తైన బిల్డింగయితే లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదం తర్వాత వచ్చిన క్లాడింగ్ (బయటి గోడల తొడుగు) కాగితాలు లేకుండా అడుగు వేయకండి. ఫ్రీహోల్డ్ (నేలతో సహా సొంతమయ్యే) కొత్త ఇల్లయితే ఇవేవీ ఉండవనుకోవద్దు. ఎస్టేట్ రోడ్లు కౌన్సిల్ తీసుకోకపోతే ఏటా మేనేజ్‌మెంట్ ఫీజు మీ నెత్తినే ఉంటుంది.

బ్యాంకు వేల్యుయేషన్ బ్యాంకు కోసం చేసేది, మీ కోసం కాదు. పాత ఇంటికి సర్వే వేరుగా చేయించండి. లాఫ్ట్ గది, వెనక ఎక్స్‌టెన్షన్ ఉంటే బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్ అడగండి.

అమ్మేవాళ్లకి అసలు గండం ఫారాల్లో ఉంది. పక్కింటివాళ్లతో గొడవలు, ఇంట్లోకి వరద నీళ్లు రావడం, మొండిగా పాకే నాట్‌వీడ్ కలుపు మొక్క, చేయించిన పనులు అన్నీ అడుగుతారు. తెలియకపోతే తెలియదని రాయాలి, "లేదు" అని టిక్ పెట్టకూడదు. లండన్ నాటింగ్ హిల్‌లో 3.25 కోట్ల పౌండ్లకి అమ్మిన ఒక భవనంలో ఉన్ని ఇన్సులేషన్ నిండా చిమ్మటలు పట్టాయి. ఆ బెడద గురించి అమ్మకానికి ముందు అడిగినప్పుడు తప్పు జవాబు ఇచ్చారని తేల్చి, 2025 ఫిబ్రవరిలో హైకోర్టు అమ్మకాన్ని రద్దు చేసి, ధరలో చాలా భాగం వెనక్కి ఇవ్వమంది. ఏ సామాను వదిలి వెళ్తారో చెప్పే ఫారం ఇంకొకటి ఉంటుంది. అందులో లైటు పీక్కెళ్తే దాని స్థానంలో వైరు, హోల్డరు, బల్బు పెట్టి వెళ్లాలని కూడా రాసి ఉంటుంది. బల్బు దాకా రాసే దేశం మరి, కర్టెన్ రాడ్లు, ఫ్రిజ్ నోటిమాటగా వదిలేయకండి.

డబ్బు పంపే రోజు ఒకే జాగ్రత్త. సొలిసిటర్ బ్యాంకు ఖాతా మారిందని ఈమెయిల్ వస్తే, అది మోసమనే అనుకోండి. ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకి కాకుండా, మొదట్లో వాళ్లిచ్చిన కాగితం మీది నంబరుకి ఫోన్ చేసి అడగండి. వీలైతే కంప్లీషన్ శుక్రవారం పెట్టుకోకండి. డబ్బు సాయంత్రం దాకా చేరకపోతే వ్యాన్‌లో సామానుతో సోమవారం దాకా ఆగాలి.

ఇల్లు అద్దెకిచ్చి ఇండియా వెళ్లిపోయినవాళ్లు ల్యాండ్ రిజిస్ట్రీ వారి ప్రాపర్టీ అలర్ట్ పెట్టుకోవాలి. అది ఉచితం, పది ఇళ్ల దాకా కలుపుకోవచ్చు. మీ ఇంటి టైటిల్ మీద ఎవరైనా దరఖాస్తు పెడితే మెయిల్ వస్తుంది. అలాంటి ఇల్లు తర్వాత అమ్మితే, లాభం లేకపోయినా కంప్లీషన్ తర్వాత 60 రోజుల్లో పన్ను శాఖకి రిపోర్టు పంపాలి. కాబట్టి అమ్మకానికి పెట్టేముందే ఇక్కడి అకౌంటెంట్‌తో ఒకసారి మాట్లాడండి.