వయొలిన్ బిరడా జారిపోతుంటే: నా అనుభవం

వయొలిన్ బిరడా (తీగని చుట్టి బిగించే చెక్క మేకు) జారకుండా ఏం చేశానని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. శ్రుతి చేసి పెట్టిన వయొలిన్‌ని ఏసీ గదిలోకి తీసుకెళ్తే చాలు, రెండో తీగ బిరడా సర్రున జారి మధ్య షడ్జం (ఆ తీగ పలకాల్సిన ‘స’) కాస్తా ఎక్కడికో దిగిపోయేది. కొత్త తీగ వేయడం, బిరడాని బలంగా నొక్కడం, ఒట్టి సుద్దముక్క పూయడం, దేనితోనూ లాభం లేకపోయింది.

చివరికి పనిచేసింది ఇది. ముందు ఆ ఒక్క తీగే విప్పాను (నాలుగూ ఒకేసారి విప్పితే తీగల కింద నిలబడే బ్రిడ్జి పడిపోతుంది, లోపల నిలబెట్టిన చిన్న కర్ర, అదే సౌండ్‌పోస్ట్, కూడా పడిందంటే ఇక రిపేరు షాపే గతి). బిరడా బయటికి లాగి చూస్తే, చెక్కకి రాసుకునే రెండు చోట్లా నల్లగా అద్దంలా మెరుస్తోంది. పొడిగుడ్డతో ఆ మెరుపు పోయేదాకా తుడిచి, అక్కడే ఎండిన సబ్బు కొద్దిగా, దాని మీద సుద్ద రాసి, తీగ లేకుండానే కాసేపు అటూ ఇటూ తిప్పాను. ఆ తర్వాతే తీగ. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది: చుట్లు ఒకదాని మీద ఒకటి పడకుండా పక్కపక్కనే చుట్టుకుంటూ, చివరి చుట్టు, బిరడాలుండే పెట్టెలో పిడి వైపు గోడకి ఆనీ ఆనకుండా ఉండాలి. అలా ఉంటే తీగ బిగిసేకొద్దీ బిరడాని తనే లోపలికి లాగుతుంది. మరీ ఒరుసుకుంటే మాత్రం అసలు తిరగదు.

జారితే సుద్ద పెంచండి, బిగుసుకుంటే సబ్బు. బిరడా రంధ్రాలే అరిగి గుండ్రం తప్పిన పాత వయొలిన్‌కి ఇది సరిపోకపోవచ్చు, అది పనివాళ్లు చూడాల్సిందే. నాది మాత్రం ఈ ఎండాకాలం కచేరీల్లో కూడా నిలబడింది, వానాకాలం సంగతి ఇంకా చూడాలి.