డిస్నీ వరల్డ్‌లో మొదటిసారి హాఫ్ మారథాన్ పరుగెత్తేవాళ్లకు

ఫ్లోరిడా డిస్నీ వరల్డ్ హాఫ్ మారథాన్‌కి పేరు ఇచ్చి, 21 కిలోమీటర్లు అవుతుందా లేదా అని టెన్షన్ పడుతున్నారా? అక్కడ మైలుకి 16 నిమిషాలు, అంటే కిలోమీటరుకి దాదాపు 10 నిమిషాల వేగం ఉంటే చాలు, మొత్తం మూడున్నర గంటల లెక్క. మధ్యమధ్యలో నడిచినా సరిపోతుంది. ఆ లెక్క కూడా అందరికంటే చివర బయలుదేరిన వాళ్ల నుంచి మొదలవుతుంది కాబట్టి, ముందు గుంపులో చోటు దొరికితే ఆ తేడా అంతా మీకు మిగులే.

ఈ మిగులు సమయాన్ని ఫొటోలకు వాడుకోండి. దారి పొడవునా మిక్కీ లాంటి పాత్రలు నిలబడి ఉంటాయి, కానీ ఒక్కో దగ్గర క్యూ చాలా పొడవుగా ఉంటుంది, కనిపించిన ప్రతిదానికీ ఆగితే వెనకబడిపోయి చివరికి పరుగు మధ్యలోనే ఆపేసి, వెనకబడిన వాళ్లని ఎక్కించుకునే బస్సెక్కాల్సి వస్తుంది. బాగా ఇష్టమైన రెండు మూడు ముందే అనుకోండి, మిగతావాటికి చెయ్యి ఊపేసి వెళ్లిపోండి. సిండ్రెల్లా కోట దగ్గర దారి ఇరుకు, అక్కడ సెల్ఫీ కోసం సడన్‌గా ఆగొద్దు, వెనకవాళ్లు గుద్దేస్తారు.

పరుగు తెల్లవారకముందే మొదలవుతుంది, అంతకంటే చాలా ముందే చేరి చీకట్లో నిలబడాలి, జనవరిలో అయితే చలి కూడా ఉండొచ్చు. పారేసినా బాధ లేని పాత స్వెటర్ ఒకటి వేసుకోండి. డిస్నీ పాత్రల వేషం వేసుకుని పరుగెత్తాలనుకుంటే మాత్రం ఒక పొడవాటి ప్రాక్టీసు పరుగు దానితోనే చేయండి, ఎక్కడ ఒరుసుకుంటుందో అప్పుడే తెలుస్తుంది. ముందురోజు పార్కంతా తిరగకండి బాబూ, కాళ్లు అక్కడే అయిపోతాయి.