ఎక్సెల్‌లో తేదీ, నెల తారుమారైతే ఎక్కడ సరిచేయాలి?

వరంగల్ ఏనుమాముల మార్కెట్ మిర్చి తక్‌పట్టీలను (అమ్మకం చీటీలను) ఎక్సెల్‌లోకి ఎక్కిస్తున్నారనుకోండి. ఏప్రిల్ 5 అనుకుని 05/04/2025 కొడితే అది గడిలో కుడివైపుకు జరిగింది. కానీ ఎక్సెల్ దాన్ని మే 4గా రాసుకుంది. 25/04/2025 మాత్రం ఎడమవైపే ఉండిపోయింది. 25వ నెల లేదు కదా, అందుకని దాన్ని ఉత్త అక్షరాలుగా తీసుకుంది. ఒకే కాలమ్‌లో తేదీలు ఇలా అటూ ఇటూ ఉంటే లెక్క అక్కడే ఆపండి.

తప్పు టైపింగ్‌లో లేదు, విండోస్ ఫార్మాట్‌లో ఉంది. మెనూలు కనిపించే భాష ఒకటి, దేశం ఇంకొకటి, తేదీలు, కామాల ఫార్మాట్ మరొకటి. మూడూ వేర్వేరు సెట్టింగులు. ఎక్సెల్ తేదీల కోసం చూసేది మూడోదాన్నే. విండోస్ ఎక్కించేటప్పుడు ఫార్మాట్ దగ్గర యునైటెడ్ స్టేట్స్ వదిలేస్తే, దేశం ఇండియా అని పెట్టినా నెలే ముందు వస్తుంది.

ఎక్సెల్ మూసేసి కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్ తెరవండి. ఫార్మాట్స్‌లో ఇంగ్లిష్ (ఇండియా) ఎంచుకుని అప్లై నొక్కండి. షార్ట్ డేట్‌లో రోజు ముందుందో లేదో చూడండి. 125,000 కూడా మన పద్ధతిలో 1,25,000గా మారుతుంది. ఇది ఆ ఒక్క యూజర్‌కే వర్తిస్తుంది. నెట్ సెంటర్‌లో కొత్తగా చేసే అకౌంట్లకూ కావాలంటే అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్‌లో కాపీ సెట్టింగ్స్‌కు వెళ్లి, కొత్త యూజర్ అకౌంట్ల గడిలో టిక్ పెట్టాలి.

చాలామంది పొరబడేది దీని తర్వాతే. ఫార్మాట్ మార్చినంత మాత్రాన పాత తప్పులు పోవు. ఎక్సెల్ తేదీని అంకెగా దాస్తుంది: 2025 ఏప్రిల్ 5 అంటే 45752, మే 4 అంటే 45781. ఒకసారి 45781 పడ్డాక అది మే 4గానే ఉంటుంది, కాగితం చూసి మళ్లీ కొట్టడం మేలు. ఎడమవైపు ఉండిపోయినవి సులువు: వాటిని మాత్రమే ఎంచుకుని, డేటా మెనూలో టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి, మూడో మెట్టులో డేట్ దగ్గర డీఎంవై (రోజు, నెల, సంవత్సరం వరస) పెట్టండి. కుడివైపు వాటిని ఇందులో కలపకండి.

గూగుల్ షీట్స్‌కు ఈ విండోస్ ఫార్మాట్‌తో పనిలేదు. అక్కడ ప్రతి ఫైల్‌కూ సొంత లొకేల్ (ఏ దేశం పద్ధతో చెప్పే సెట్టింగ్) ఉంటుంది, ఫైల్ మెనూలోని సెట్టింగ్స్‌లో ఇండియాకు మార్చుకోవాలి.