పైప్ ఆర్గాన్ శ్రుతి చేసే ముందు జాగ్రత్తలు

విశాఖలో, సంగీత పాఠశాలలోని ట్రాకర్ ఆర్గాన్ (కీ నొక్కితే ట్రాకర్లనే సన్నని పుల్లలు లాగి గొట్టాల్లోకి గాలి వదిలే పైప్ ఆర్గాన్) ముట్టుకునే ముందు చూసుకోవలసినవి.

• గదిని ముందురోజు నుంచే పాఠాలప్పుడు ఉండే వేడిమిలో ఉంచండి. ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగితే ఫ్లూ గొట్టాల (ఈలలా మోగేవి) శ్రుతి సుమారు 3 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) పైకి పోతుంది. రీడ్లు (లోహపు నాలుక కంపించి మోగే గొట్టాలు) అంతగా కదలవు. చెవికి రీడ్లే తప్పినట్టుంటుంది, కదిలింది మాత్రం ఫ్లూలు. మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగితే పని ఆపేయడమే మేలు.

• వేలు తీసినా స్వరం మోగుతోందా? అది శ్రుతి దోషం కాదు. సముద్రపు తేమకు ఉబ్బిన కీ పట్టేసి ఉండొచ్చు, లేదా ప్యాలెట్ (గొట్టానికి గాలి వదిలే మూత) దగ్గర నలుసు. వానాకాలంలో ట్రాకర్ల బిగువు సరిచేసే నట్లు తిప్పేయకండి. తిప్పితే గాలి పొడిబారాక మళ్లీ తిప్పాల్సి వస్తుంది.

• లోహపు గొట్టాన్ని వట్టి చేత్తో పట్టుకోకండి, ఒంటి వేడికే శ్రుతి మారుతుంది. తగరం, సీసం కలిసిన మెత్తటి లోహం, నొక్కుకుపోతుంది కూడా. టీకి వెళ్లేముందు చేతులు సబ్బుతో కడగండి, సీసం కదా!

• స్థిరమైన నిచ్చెన, టార్చి.