షేర్ల పాఠాలు - 7: రాజకీయం అల్లకల్లోలమైతే మార్కెట్ పడుతుందా?

ముందు పోయిన పాఠం లెక్క సరిచూసుకుందాం. షేరు ధర 480 రూపాయలు, ఏడాదికి షేరు మీద లాభం 24 రూపాయలు అయితే పీఈ (ధరను లాభంతో భాగిస్తే వచ్చే అంకె) 20. లాభం 16కి తగ్గి, ధర అలాగే ఉంటే పీఈ 30. ధర కదలకపోయినా పీఈ పెరిగిందంటే, అదే షేరు ఇప్పుడు ఖరీదైందని అర్థం. ఈ ముక్క గుర్తుంచుకోండి, ఈ రోజు మళ్ళీ పనికొస్తుంది.

ఈ పాఠానికి మూలం ఆదోనిలో ఒక కుర్రాడు అడిగిన ప్రశ్న. పత్తి యార్డులో కమీషన్ ఏజెంటు దగ్గర గుమాస్తా. నెలకు రెండు వేలు సిప్ (మ్యూచువల్ ఫండులో నెలనెలా కట్టే వాయిదా) కడుతున్నాడు. "సార్, ఢిల్లీలో గవర్నమెంటు పడిపోతాదంటున్నారు. సిప్ ఆపేసేదా? అంతా సద్దుమణిగినాక మళ్ళా కట్టుకుంటే సరిపోదా?" అన్నాడు. ఎన్నికల ముందు, బందుల రోజుల్లో, సరిహద్దులో కాల్పుల వార్త వచ్చినప్పుడు మన జిల్లాల్లో ఇదే ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. మనకు రాజకీయం అంటే వీధిలో షట్టర్లు దించడం, బస్సులు ఆగిపోవడం. కాబట్టి ముంబైలో కూడా అలాగే షట్టర్ దిగుతుందని అనుకుంటాం.

మార్కెట్ రేపు పడుతుందో లేదో చెప్పడం ఈ పాఠంలో లేదు. అది నాకు రాదు, టీవీలో కోటు వేసుకుని చెప్పేవాళ్ళకూ రాదు. మనం నేర్చుకునేది కొలవడం. గొడవ వార్త వచ్చాక నిజంగా ఎంత దెబ్బ తగిలింది, ఎవరికి తగిలింది, మన డబ్బుకు దానితో ఏమన్నా పని ఉందా అన్నది కాగితం మీద పెట్టడం. నోటుబుక్కు, ఫోను చాలు.

యార్డు సంగతితోనే మొదలుపెడతాను, ఆ కుర్రాడికీ అలాగే చెప్పాను. సోమవారం పత్తి బండ్లు బాగా వస్తాయని శనివారమే అందరికీ తెలిసిపోయిందనుకోండి. సోమవారం దాకా ఎవడూ ఆగడు, రేటు శనివారమే తగ్గుతుంది. సోమవారం అనుకున్నన్ని బండ్లే వస్తే రేటు పెద్దగా కదలదు. అనుకున్నదానికి సగమే వస్తే, సరుకు బోలెడంత ఉన్నా సరే, రేటు పైకి లేస్తుంది. షేర్ల ధర కూడా జరిగినదాన్ని బట్టి కాదు, అనుకున్నదానికీ జరిగినదానికీ ఉన్న తేడాను బట్టి కదులుతుంది. గొడవ ఎంత పెద్దదన్నది రెండో సంగతి.

ఇప్పుడు నోటుబుక్కులో ఈ అంకెలు రాయండి. అన్నీ సెన్సెక్స్ (ముంబైలోని బీఎస్ఈ ఎక్స్ఛేంజీలో 30 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) ముగింపు అంకెలు.

2024 మే 31, శుక్రవారం: 73,961
జూన్ 3, సోమవారం: 76,469
జూన్ 4, మంగళవారం: 72,079
జూన్ 7, శుక్రవారం: 76,693

జూన్ 4 లోక్‌సభ ఓట్ల లెక్కింపు రోజు. మన దగ్గర అసెంబ్లీ ఫలితాలూ అదే రోజు వచ్చాయి. ఊళ్ళలో ఒకపక్క టపాసులు పేలుతుంటే ఇంకోపక్క షేర్లు ఉండే డీమ్యాట్ ఖాతాలు నష్టాలతో ఎర్రబడ్డాయి. బీజేపీకి సొంతంగా మెజారిటీ రాలేదు, 240 దగ్గర ఆగింది. తెలుగుదేశం 16 మంది ఎంపీలు, జేడీయూ 12 మంది లేనిదే ప్రభుత్వం నిలబడదన్న పరిస్థితి. ఒక్కరోజులో సెన్సెక్స్ 4,390 పాయింట్లు పోయింది, అంటే 5.74 శాతం. మర్నాడు పేపర్లన్నిటికీ అదే హెడ్‌లైను.

ఇక్కడ ఆగి ఒక తీసివేత చేయండి. మే 31 అంకెలోంచి జూన్ 4 అంకె తీసేయండి. 1,882 వస్తుంది. శాతంలో రెండున్నర. మరి 4,390 ఎక్కడి నుంచి వచ్చింది? జూన్ 1 శనివారం సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. వాటిని నమ్మి సోమవారం మార్కెట్ 2,507 పాయింట్లు ఎగిరింది. మంగళవారం పోయినదాంట్లో సగానికి పైగా ఆ సోమవారం పెరిగిందే. శుక్రవారం నుంచి షేర్లు పట్టుకుని ఊరికే కూర్చున్నవాడికి మంగళవారం సాయంత్రానికి తగ్గింది రెండున్నర శాతం. సోమవారం ఆశపడి కొన్నవాడికి తగ్గింది దాదాపు ఆరు శాతం. వార్త ఒకటే, మార్కెట్ ఒకటే. ఇద్దరూ కొలత మొదలుపెట్టిన చోటు వేరు.

ఈ పాఠంలో అసలు పని ఇదే కాబట్టి మళ్ళీ చెప్తాను. పడిన అంకె కనపడగానే దాని ముందు రోజుతో పోల్చవద్దు. పుకారు గానీ, సర్వే గానీ, ఆశ గానీ మొదలైన రోజుకు ముందు ముగింపు ఎంతో వెతికి, అక్కడి నుంచి కొలవండి. తర్వాత మూడు రోజులు ఆగి ఇంకోసారి కొలవండి. పైన జూన్ 7 అంకె చూడండి, సోమవారం స్థాయినే దాటిపోయింది. ఈలోపు ఏమైంది? మిత్రపక్షాలు మద్దతు ప్రకటించాయి, ప్రభుత్వం ఏర్పడుతుందని తేలిపోయింది.

ఇప్పుడు అంతకన్నా పెద్ద దెబ్బ చూద్దాం. 2004. మన రాష్ట్రంలో తెలుగుదేశం 47 సీట్లకు పడిపోయి, పులివెందుల నుంచి వై.ఎస్. రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రి అయిన ఏడాది. కేంద్రంలో వాజ్‌పేయి ప్రభుత్వమే మళ్ళీ వస్తుందని మార్కెట్ గట్టిగా నమ్మింది. మే 13న ఫలితాలు తిరగబడ్డాయి. ఆ రోజు 5,399 దగ్గర ముగిసిన సెన్సెక్స్ మర్నాడు 5,070కి వచ్చింది. మధ్యలో శని, ఆదివారాలు. కొత్త ప్రభుత్వం వామపక్షాల మద్దతు మీద ఆధారపడుతుంది, ప్రభుత్వ సంస్థల్లో వాటాల అమ్మకం ఆగిపోతుంది అన్న మాటలు ఆ రెండు రోజులూ నలిగాయి. మే 17 సోమవారం ఒక దశలో 842 పాయింట్లు జారింది. ట్రేడింగ్ రెండుసార్లు ఆపాల్సి వచ్చింది. చివరికి 565 పాయింట్లు, అంటే 11.14 శాతం నష్టంతో 4,505 దగ్గర ముగిసింది.

ట్రేడింగ్ ఆపడం గురించి రెండు ముక్కలు. సూచీ 10, 15, 20 శాతం కదిలితే దేశమంతటా షేర్ల మార్కెట్‌ను కాసేపు నిలిపేస్తారు. 20 అయితే ఆ రోజుకు ఇంక బంద్. దీన్నే సర్క్యూట్ బ్రేకర్ అంటారు. ఇది పడినప్పుడే కాదు, పెరిగినప్పుడూ పనిచేస్తుంది. 2009 మే 18న, వామపక్షాల అవసరం లేకుండానే కాంగ్రెస్ కూటమి యూపీఏ గెలిచిందని తెలిసిన తర్వాతి సోమవారం, సెన్సెక్స్ 17 శాతం ఎగిరి తాళం పడింది. ఆ రోజు మొత్తం మీద నిమిషం సేపు కూడా ట్రేడింగ్ జరగలేదు!

2004కి వద్దాం. మే 13 దగ్గర నుంచి కొలిస్తే రెండు ట్రేడింగ్ రోజుల్లో పోయింది 16.6 శాతం. ఇది నిజమైన దెబ్బే, ఆశ కరిగి పాత చోటికి రావడం కాదు. లాభాల మీద అంచనానే మారింది. పాఠం మొదట్లో చేసిన పీఈ లెక్క ఇక్కడ పెట్టి చూడండి. కంపెనీకి రాబోయే లాభం 24 కాదు, 16 అని జనం అనుకుంటే, అదే 20 పీఈ ఇవ్వడానికి ఒప్పుకున్నవాడు 480 రూపాయలు పెట్టడు, 320 పెడతాడు. కంపెనీలో మిషన్లు ఒక్కటీ ఆగలేదు, కూలీ ఒక్కడూ మానలేదు, ధర మాత్రం మూడో వంతు పోయింది. తర్వాత సోనియా గాంధీ ప్రధాని పదవి వద్దన్నారు, మన్మోహన్ సింగ్ వచ్చారు, భయపడినంత మార్పు జరగలేదు. లాభాల అంచనా మళ్ళీ పైకి వచ్చింది. 2004 డిసెంబరు 31న సెన్సెక్స్ 6,603. మే 13తో పోలిస్తే 22 శాతం పైన.

కాబట్టి రెండో ప్రశ్న: ఈ గొడవ వల్ల కంపెనీల లాభం గానీ, పన్నులు, నియమాలు గానీ మారతాయా? మారితే ఏ కంపెనీలవి? సూచీ అంకె ఒక్కటే చూస్తే ఇది తెలియదు, లోపల చూడాలి. 2024 జూన్ 4న ఎస్‌బీఐ, ఎన్‌టీపీసీ, ఓఎన్‌జీసీ పది శాతానికి పైగా పడ్డాయి. అదే రోజు సబ్బులు, టీ పొడి అమ్మే హిందుస్థాన్ యూనిలీవర్ పెరిగింది. ప్రభుత్వ ఖర్చు మీద, ప్రభుత్వ విధానం మీద బతికే షేర్లు వణికాయి, ఏ ప్రభుత్వం వచ్చినా జనం కొనే సరుకు అమ్మేవి లేచాయి. మీ ఫండులో ఏముందో ఈ రాత్రే ఫ్యాక్ట్‌షీట్ (ఫండు ఏ షేర్లు కొన్నదో చూపే కాగితం) తీసి చూసుకోండి. పేరు ‘బ్లూచిప్’ (పేరున్న పెద్ద కంపెనీలు) అని ఉన్నంత మాత్రాన సరిపోదు.

గొడవ పెద్దదైనా లాభాల లెక్క మారకపోతే ఏమవుతుందో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనంలోకి గుంపు చొరబడింది. ప్రపంచమంతా టీవీల ముందు కూర్చుంది. ఆ రోజు అక్కడి షేర్ల సూచీ డౌ జోన్స్ రికార్డు స్థాయిలో ముగిసింది. రెండోది మనది. 2009 సెప్టెంబరు 2న రాజశేఖర రెడ్డి హెలికాప్టరు కూలింది. కడప జిల్లాలో ఆ రోజులు ఎలా గడిచాయో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. సెన్సెక్స్ ఆ నెలాఖరుకు 17 వేలు దాటింది. మార్కెట్‌కు దుఃఖం పట్టదు. అది తప్పో ఒప్పో నేను చెప్పను, అలా ఉంటుందని మాత్రం తెలిసి ఉండాలి.

దీనికి ఎదురు కూడా ఉంది. వీధిలో ఒక్క రాయి పడకుండా, ఒక్క ప్రకటనతో మార్కెట్ కుప్పకూలవచ్చు. 2025 ఏప్రిల్ 2న ట్రంప్ దిగుమతి సుంకాలు ప్రకటించాక అమెరికా ఇంకో సూచీ ఎస్ అండ్ పీ 500 రెండు రోజుల్లోనే పది శాతానికి పైగా పోయింది. ఏప్రిల్ 7న మన సెన్సెక్స్ 2,227 పాయింట్లు తగ్గింది. సుంకం అంటే నేరుగా లాభంలో కోత, అందుకే అంత వేగం. ఏప్రిల్ 9న చాలా సుంకాలను 90 రోజులు వాయిదా వేయగానే ఎస్ అండ్ పీ ఒక్కరోజే 9.5 శాతం లేచింది.

అయితే ‘ఎప్పుడూ తిరిగి లేస్తుందిలే’ అని కూడా రాసుకోకండి. అది అన్ని దేశాల్లో, అన్నిసార్లూ నిజం కాదు. 2008లో పాకిస్థాన్‌లో రాజకీయ సంక్షోభం, డాలర్ల కొరత కలిసి వచ్చాయి. ఆగస్టు చివర్లో కరాచీ ఎక్స్ఛేంజీ ఇంతకన్నా తక్కువకు అమ్మకూడదని ధరలకు కింద ఒక గీత గీసింది. డిసెంబరు మధ్య దాకా అది అలాగే ఉంది. అంటే మూడు నెలలకు పైగా షేర్లు ఉన్నా, అమ్ముదామంటే కొనేవాడు లేడు. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ మీద దాడి మొదలయ్యాక రష్యా మార్కెట్‌ను దాదాపు నెల రోజులు మూసేశారు. విదేశీయుల షేర్లు అక్కడే ఇరుక్కుపోయాయి. ప్రభుత్వం మారడం వేరు, ఆట నియమాలే మారిపోవడం వేరు. మొదటిదానికి ఓపిక చాలు. రెండోదానికి ఓపిక సరిపోదు.

దీన్ని ముందుగా పసిగట్టడానికి రోజూ చూడదగ్గవి మూడున్నాయి: డాలరుతో రూపాయి విలువ, విదేశీ సంస్థలు ఎంత అమ్మాయో సాయంత్రం వచ్చే అంకె, ఇండియా విక్స్. విక్స్ అంటే రాబోయే నెల రోజుల్లో నిఫ్టీ (సెన్సెక్స్ లాంటిదే, ఎన్ఎస్ఈ ఎక్స్ఛేంజీ సూచీ) ఎంత ఊగుతుందని ఆప్షన్ల (ముందు తేదీకి ఒక ధర మీద కొనే, అమ్మే హక్కుల) మార్కెట్ అనుకుంటోందో చూపే అంకె. 2024 ఏప్రిల్ చివర్లో 10, 11 దగ్గర నిద్రపోతున్న విక్స్ మే నెలాఖరుకు 20 దాటింది. ఓట్ల లెక్కింపు రోజున ఒక దశలో 30 కూడా దాటింది. ఎటు పడుతుందో విక్స్ చెప్పదు, టెన్షన్ ఎంత ఉందో మాత్రం చెప్తుంది. టెన్షన్ ముందే పెరిగి ఉంటే, కొంత దెబ్బ ధరలో అప్పటికే ఉన్నట్టు.

విక్స్ పేరు ఎత్తగానే ఆప్షన్లు కొని సంపాదించవచ్చా అని అడుగుతారు. వద్దు. షేర్ల మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన అధ్యయనంలో, మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్లు, ఆప్షన్లు) ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని తేలింది. టెలిగ్రామ్ గ్రూపులో టిప్పు పెట్టేవాడు మిగిలిన ఏడు శాతంలో ఉన్నాడని మీకెవరు చెప్పారు?

ఇక గుమాస్తా కుర్రాడి సిప్ సంగతి. అతన్ని నేను అడిగింది ఒకటే: "ఈ డబ్బు నీకు ఎప్పుడు కావాలప్పా?" చెల్లెలి పెళ్ళికట, వచ్చే మాఘమాసంలో. అలాంటి డబ్బు ఢిల్లీలో గవర్నమెంటు పడినా నిలబడినా షేర్లలో ఉండకూడదు. పదకొండు శాతం పోయినది మళ్ళీ పూడాలంటే పన్నెండున్నర శాతం పెరగాలి, పెళ్ళి ముహూర్తం దాని కోసం ఆగదు. అందుకే ఇప్పటిదాకా కట్టినదాన్ని పోస్టాఫీసులోకో, బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకో మార్చమన్నాను. తన కోసం, పదిహేనేళ్ళ తర్వాతి కోసం కట్టేది ఏదన్నా ఉంటే, పేపర్లో ఏం రాసినా దాన్ని ఆపొద్దన్నాను. ధర తగ్గిన నెలలో అదే రెండు వేలకు ఎక్కువ యూనిట్లు వస్తాయి, మూడో పాఠంలో లెక్క వేశాం కదా.

ఇంటి పని: ఈ మూడు సందర్భాలకు పట్టిక వేయండి. 1999 కార్గిల్ యుద్ధం, 2008 జూలై 22న లోక్‌సభలో మన్మోహన్ ప్రభుత్వానికి విశ్వాస పరీక్ష, 2016 జూన్ 24 బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావాలా అన్న ఓటు) ఫలితం. ఒక్కోదానికి ఐదు గడులు: పుకారు మొదలవడానికి ముందటి ముగింపు, సంఘటన రోజు, మూడు ట్రేడింగ్ రోజుల తర్వాత, ఆరు నెలల తర్వాత, ‘లాభాల లెక్క మారిందా’ అన్నదానికి ఒక్క వాక్యం. పాత అంకెలు బీఎస్ఈ సైటులో దొరుకుతాయి. 2008 వరసలో ఆరు నెలల గడి దగ్గర ఒక చిక్కు వస్తుంది. విశ్వాస పరీక్షలో ప్రభుత్వం గెలిచింది, మర్నాడు మార్కెట్ 838 పాయింట్లు పెరిగింది, అయినా ఆరు నెలలకు అంకె చాలా కింద ఉంటుంది. ఆ పతనాన్ని రాజకీయం ఖాతాలో రాయాలా, వేరే ఖాతాలోనా? మీ జవాబు, దానికి కారణం రాసి పెట్టుకోండి. ఎనిమిదో పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.